తాళ్ళ ఆధారం లేని ఓడకొయ్య

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు విద్యార్థులకు తెరచాప పడవను దగ్గరగా చూచే అవకాశం తక్కువ. మంత్రాలయం దగ్గర తుంగభద్రపై తిరిగే గుండ్రని పుట్టికి కొయ్యా లేదు, చాపా లేదు. అయినా ఓడకొయ్యకు దగ్గరి చుట్టం ఒకటి మన గుళ్ళ ముందు నిలిచి ఉన్నది. అదే ధ్వజస్తంభం.

వీధి మలుపులోని కరెంటు స్తంభాన్ని గమనించండి. తీగలు దానిని ఒక ప్రక్కకు లాగుతుంటాయి. అది ఒరిగిపోకుండా రెండవ ప్రక్కన నేలకు ఒక స్టే తీగ బిగిస్తారు. చాలా ఓడల కొయ్యలు ఇట్లాగే తాళ్ళ ఆధారంతో నిలుస్తాయి. ధ్వజస్తంభానికి ఆ ఆధారం లేదు; పాతిన మొదలే దానిని నిలబెట్టాలి. కొన్ని పడవల కొయ్యలూ ఈ జాతివే. 1960లో హాస్లర్ అనే ఇంగ్లీషు నావికుడు ఇటువంటి కొయ్య గల ‘జెస్టర్’ అనే 25 అడుగుల పడవలో ఒంటరిగా అట్లాంటిక్ దాటి, 48 రోజులలో న్యూయార్కు చేరాడు.

అటువంటి పాత పడవలో కొయ్య విరిగితే దాని స్థానంలో ఏది పెట్టాలి? కేవలం పొడవు సరిపోతే చాలదు. మూడు సంగతులు చూడాలి.

మొదటిది బలం. గాలి తోపు ఎంత ఎత్తున పనిచేస్తే మొదట్లో వంపు అంత ఎక్కువ. పడవలో ఈ వంపు పైతట్టు రంధ్రం దగ్గర, ధ్వజస్తంభంలో నేలమట్టం దగ్గర అత్యధికం. తేమ నిలిచి కొయ్య చివికేదీ తరచు అక్కడే. గుండ్రని కొయ్య బలం వ్యాసపు ఘనాన్ని అనుసరిస్తుంది. కుళ్ళువల్ల వ్యాసం పదవ వంతు తగ్గితే బలం నాలుగవ వంతుకు మించి పోతుంది. కనుక పాత ధ్వజస్తంభాన్ని పరీక్షించేవారు శిఖరాన్ని కాదు, లోహపు తొడుగు వెనుక దాగిన మొదలును చూడాలి.

రెండవది బరువు. రాయలసీమలో ధ్వజస్తంభానికి నారేప మానును ఎన్నుకోవడం కద్దు. దాని చేవ గట్టిది. చెదకు, కుళ్ళుకు సులభంగా లొంగదు. కాని ఘనమీటరుకు సుమారు 1,100 కిలోలు తూగుతుంది, నీటిలో మునుగుతుంది. నేలలో పాతినప్పుడు ఈ బరువువల్ల నష్టం లేదు. పడవపై మాత్రం ఎత్తున ఉన్న బరువు గరిమనాభిని పైకి జరిపి, పడవ బోల్తాపడే ప్రమాదాన్ని పెంచుతుంది. అందుకే గుడికి మేలైన మాను పడవకు పనికిరాదు. పూర్వం ఓడలకు పడమటి కనుమలలోని పొన్న జాతి చెట్ల పొడవైన, తిన్నని మానులను వాడేవారు.

బరువు తగ్గించే ఉపాయం వెదురులో ఉన్నది. 20 సెంటీమీటర్ల వ్యాసం గల కొయ్యలో 10 సెంటీమీటర్ల మధ్యభాగాన్ని తొలిస్తే బరువులో నాలుగవ వంతు తగ్గుతుంది. బలంలో పోయేది పదహారవ వంతు మాత్రమే. నేటి అల్యూమినియం, కార్బన్ నార గొట్టాల రహస్యం ఇదే. అల్యూమినియం టేకు కంటె సుమారు నాలుగు రెట్లు బరువైనా, ఆరు రెట్లు బిగువైనది. జెండాలకు, వీధి దీపాలకు చేసే కొనతేరిన అల్యూమినియం స్తంభాలను పడవలకు అమర్చుకున్న నావికులు విదేశాలలో ఉన్నారు.

మూడవది వంగే గుణం. పెనుగాలి తగిలినప్పుడు కొయ్య కొన వంగి కొంత గాలిని జారవిడుస్తుంది. తెరచాపను ఆ వంపుకు తగినట్లే కత్తిరిస్తారు. కొత్త కొయ్య మరీ బిగుసుగా ఉంటే పాత చాప దానికి నప్పదు. పైగా గాలి హెచ్చినప్పుడు పడవే ఒరుగుతుంది కనుక, కొయ్యపై పడే భారానికి ఒక హద్దు ఉన్నది. ఆ హద్దును పడవ బరువును, ఆకారాన్ని బట్టి లెక్కించి, దానికి మించిన బలం కొంత ఉంచితే చాలు. అంతకంటె లావు కొయ్య వృథా బరువు.

దీనిని తరగతిలో పరీక్షించవచ్చు. ఒక సన్నని కర్ర మొదలును బల్లకు బిగించి, కొనకు చిన్న తూకపు రాయి వ్రేలాడదీసి, కొన ఎంత దిగినదో కొలవండి. బయటి పొడవును రెట్టింపు చేస్తే దిగుడు సుమారు ఎనిమిది రెట్లు అవుతుంది. అదే జాతి కర్రను సగం వ్యాసంతో తీసుకుంటే పదహారు రెట్లు. నావికుడు కూడా పాత కొయ్యను ఇట్లాగే అడ్డంగా బిగించి, కొనకు బరువు కట్టి కొలుస్తాడు. కొత్తదానిని ఆ కొలతతో పోల్చి ఎన్నుకుంటాడు.