మేడ ఎత్తుకు లెక్క వుంది, దారి రద్దీకి లేదు

నల్లగొండలో తెల్లవారుజామున బస్సెక్కిన రైతు చిట్యాల, చౌటుప్పల్ దాటేవరకు హాయిగా కునుకు తీయవచ్చు. రోడ్డు వెడల్పు, బస్సు పరుగు. హయత్‌నగర్ చేరేసరికి మెలకువ వస్తుంది. బస్సు నిలిచిపోయి వుంటుంది. అక్కడి నుంచి ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మీదుగా ఇమ్లీబన్ బస్టాండు చేరడం ఒక ఎత్తు, అంతవరకు వచ్చిన ప్రయాణమంతా ఒక ఎత్తు. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా వచ్చే పాలమూరు వారికి ఆరాంఘర్ దగ్గర, దేవరకొండ వారికి సాగర్ రోడ్డు మీద ఇదే అనుభవం.

కోర్టు వాయిదాకు పోయేవారు, పరీక్ష రాయబోయే పిల్లలు ఈ ఆలస్యానికి భయపడి ముందురోజే పట్నం చేరుకుంటున్నారు. పెద్దాసుపత్రికి తీసుకుపోయే రోగికి ఆ వీలు కూడా లేదు.

ఎల్.బి.నగర్ ఒకప్పుడు వేరే మునిసిపాలిటీ. 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. ఖాళీ జాగాలు వున్న చోట అపార్టుమెంట్లు లేచాయి. నగరానికి పడమట కోకాపేట వైపు 50 అంతస్తులు దాటిన మేడలు కూడా వచ్చాయి. నగరంలో లేచిన మేడలకు ఇటుకలు మోసిన వారిలో పాలమూరు కూలీలు ఎందరో వున్నారు.

గేటు వరకే కొలత

ఇల్లు ఎవరికైనా కావలసిందే. చిక్కు అనుమతి ఇచ్చే పద్ధతిలో వున్నది. స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలనే పరిమితి అనేక నగరాలలో వుంటుంది. హైదరాబాద్‌లో 2006లో ఆ పరిమితి తొలగించారు. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జి.ఓ. 168 కూడా అదే దారి పట్టింది. భవనం ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలిన ఖాళీ స్థలం చూసి ఎత్తు నిర్ణయించాలన్నది ఆ నిబంధన. గేటు ముందు రోడ్డు విశాలంగా వుంటే చాలు, మేడ ఎంతైనా లేవవచ్చు. ఆ రోడ్డు పోయి కలిసే చౌరస్తా సంగతి ఈ కొలతలో లేదు.

ఒక లెక్క చూడండి. 30 అంతస్తులు, అంతస్తుకు 8 ఇళ్ళు అనుకుంటే 240 కుటుంబాలు. ఇంటికొక కారు చొప్పున ఒకదాని వెనుక ఒకటి నిలిపితే వరుస కిలోమీటరు దాటుతుంది. అది ఒక్క భవనం మాటే. తూము పెద్దది చేసి కాలువ తవ్వకపోతే నీరు ఎక్కడికి పోతుందో రైతుకు ఒకరు చెప్పనక్కర లేదు.

పెద్ద భవనాలకు, అంటే 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టేవాటికి, పర్యావరణ అనుమతి అవసరమని కేంద్రం 2006 సెప్టెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. వాహనాల రద్దీ గురించి దరఖాస్తులో రాయవలసి వున్నది. కాని సిమెంటు ఫ్యాక్టరీలకు జరిపే ప్రజాభిప్రాయ సేకరణ నుంచి ఈ భవనాలను అదే నోటిఫికేషన్ మినహాయించింది. కనుక ఆ దారిన నిత్యం పోయే పల్లె జనాన్ని అడిగేవారు లేరు.

మార్కెట్టు జరిగింది

నల్లగొండ బత్తాయి రైతులకు ఇది కొత్త కాదు. జాంబాగ్‌లో వున్న పండ్ల మార్కెట్టు 1980లలో గడ్డిఅన్నారం వచ్చింది. దాని చుట్టూ నగరం పెరిగింది. 2021లో ఆసుపత్రి నిర్మాణం కోసం మార్కెట్టును బాటసింగారం తరలించారు. నగరం వచ్చిన కొద్దీ మార్కెట్టు వెనక్కి జరుగుతున్నది.

ఉపశమనం లేకపోలేదు. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగర్ వరకు వచ్చింది. బస్సు అక్కడే దిగి రైలెక్కేవారు చాలామంది. హయత్‌నగర్ వరకు మరో 7.1 కిలోమీటర్లు పొడిగించేందుకు 2024లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించింది. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ రెండో రైలు మార్గాన్ని 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితం చేశారు. ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఫ్లైఓవర్లు కట్టారు. అయితే ఒక చౌరస్తాలో ముడి విప్పితే అది తర్వాతి చౌరస్తాలో పడుతున్నది.

రేపు మన వంతు

ఈ నిబంధనలు హైదరాబాద్‌కే పరిమితం కావు. జి.ఓ. 168 రాష్ట్రంలోని మునిసిపాలిటీలన్నిటికీ వర్తించేలా వచ్చింది. 2008లో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ ఏర్పడినప్పుడే అప్పటి నల్లగొండ జిల్లాలోని భువనగిరి, బీబీనగర్, పోచంపల్లి, చౌటుప్పల్ మండలాలు దాని కిందికి వెళ్ళాయి. క్లాక్‌టవర్ సెంటరులో ఇప్పుడే ఇరుకు పడుతున్న నల్లగొండకు, రైల్వేగేట్ల దగ్గర ఆగే మహబూబ్‌నగర్‌కు ఈ బాధ ఎంతో దూరంలో లేదు.

అనుమతి ఇచ్చే ముందు గేటు దగ్గరే ఆగకుండా, అవతలి చౌరస్తా కూడా లెక్కలోకి తీసుకోవడం అవసరం. బస్సుకు, అంబులెన్సుకు దారి చూపిన తర్వాతనే అంతస్తులు లేవాలి. మాస్టర్ ప్లాన్ ముసాయిదా వెలువడినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ గడువులోగా రోడ్డు పక్క గ్రామ పంచాయతీలు తమ మాట కాగితం మీద పెట్టి పంపాలి. మేడ లేచిన తర్వాత చెప్పుకొని ప్రయోజనం వుండదు.