ఒత్తు విరిగితే తప్పు యూనికోడ్‌ది కాదు

అపోహ: యూనికోడ్‌లో ఒత్తులు లేవు, అందుకే తెలుగు విరిగిపోతుంది. పుస్తకాలకు పాత ఫాంట్లే మేలు.

వాస్తవం: ఈ మాట నమ్మి ఇప్పటికీ పుస్తకాలకు పుస్తకాలు పాత ఫాంట్లలోనే కంపోజ్ చేయిస్తున్నారు. ఆ ఫైళ్ళలో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు తొడిగిన తెలుగు బొమ్మలు. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని కలగాపులగం. అందులో ఊరిపేరు వెతికినా దొరకదు. చూపులేని పాఠకుడు స్క్రీన్ రీడర్ పెట్టుకుంటే అది ఆ కలగాపులగాన్నే చదివి వినిపిస్తుంది. ఒక అరకొర నిజం వల్ల ఇంత నష్టం!

ఒత్తులకు విడిగా సంకేతాలు లేనిమాట నిజమే. అవసరం లేదు కాబట్టే లేవు. ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ 1991లో తొలిసారి వెలువడినప్పటి నుంచీ అందులో తెలుగు ఉంది. పదుల లెక్కలో 3072 నుంచి 3199 దాకా 128 గదులు మనవి. క సంఖ్య 3093, ష 3127, పొల్లు 3149. క, పొల్లు, ష వరసగా వస్తే అది క్ష. ష ఒత్తు ఆకారం గీయడం ఫాంటు పని, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ పని.

‘స్త్రీ’ చూడండి. కంటికి ఒక అక్షరం, ఫైల్లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. గుడిదీర్ఘం కనిపించేది స నెత్తిన, దాచుకునేది మాత్రం అన్నిటికన్నా చివర. యూనికోడ్ పలికే వరసను భద్రపరుస్తుంది, రాసే వరసను కాదు. ఒత్తు విడిపోయి పొల్లు బయటపడిందంటే పాఠం చెడలేదు, దాన్ని చూపించే సాఫ్ట్‌వేర్‌కు కలపడం రాలేదు. అదే ఫైలు మరో చోట తెరిస్తే నిక్షేపంగా కనిపిస్తుంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో విరిగితే వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోండి. దానికోసం లిపినే బలిపెట్టకండి.

అపోహ: తెలుగు అక్షరం ఐఫోన్లను పాడుచేసింది.

వాస్తవం: 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ రూపంలోని ఒక సంకేతాల వరసను చూపలేక యాప్‌లు కుప్పకూలాయి. లోపం ఆపిల్ సాఫ్ట్‌వేర్‌ది. అదే నెలలో ఐఓఎస్ 11.2.6 వెర్షన్‌తో సరిదిద్దారు.

అపోహ: సున్నా ఏది పెట్టినా ఒకటే.

వాస్తవం: కాదు. అంకె ౦ వేరు, పూర్ణానుస్వారం ం వేరు. అంకె పెట్టి ‘నంది’ రాస్తే మామూలుగా వెతికినవారికి దొరకదు.

అపోహ: ఒకేలా కనిపిస్తే సంకేతాలూ ఒకటే.

వాస్తవం: ఐత్వాన్ని 3144 అనే ఒక్క సంకేతంతోనూ రాయొచ్చు, 3142, 3158 జంటతోనూ రాయొచ్చు. రెండూ సమానమని యూనికోడే చెబుతుంది. నార్మలైజేషన్ (సమాన రూపాలను ఒకే రూపంలోకి తేవడం) చేయని వెతుకుడు యంత్రం మాత్రం వేర్వేరనుకుంటుంది.

అపోహ: యూనికోడ్ తెలుగు ఎక్కువ చోటు తింటుంది, అది మోయలేని భారం.

వాస్తవం: ఎక్కువ చోటన్నది ఒప్పుకోక తప్పదు. యూనికోడ్‌ను ఫైల్లో దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. అంటే ‘స్త్రీ’కి 18. ఇంగ్లిషులో 160 అక్షరాలు పట్టే ఎస్‌ఎంఎస్‌లో తెలుగు సంకేతాలు సాధారణంగా 70కి మించవు. అయినా ఒక నవల మొత్తం కలిపినా ఫోన్లో తీసిన నాలుగు ఫొటోలంత ఉండదు.

రచయితలూ, ప్రచురణకర్తలూ! ప్రెస్‌కు పుస్తకం ఇచ్చేటప్పుడే యూనికోడ్ ఫైలు తిరిగి కావాలని ఒప్పందంలో రాయించుకోండి. పాత ఫాంటులోంచి మార్పించిన పాఠమైతే ఒత్తుల దగ్గర, సున్నాల దగ్గర ప్రూఫు మళ్ళీ చూడండి. మార్పిడిలో తరచూ దెబ్బతినేది అక్కడే.