కాలిపోయిన కౌంటీలో తాతల జాడ

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం నడుమ, జేమ్స్ నదికి దక్షిణాన ఉంది బకింగ్‌హామ్ కౌంటీ. అడవులు, పచ్చిక బీళ్లు, నీలినలుపు పలకరాయి గనులు. 2020 లెక్కల్లో జనాభా 17 వేలు కూడా లేదు. 1761లో ఏర్పడిన ఈ పల్లెసీమకు 19వ శతాబ్దంలో కోర్టు భవనం నమూనా గీసిచ్చింది సాక్షాత్తూ థామస్ జెఫర్సన్. 1869లో ఆ భవనం తగలబడింది. వందేళ్లకు పైగా పోగైన దస్తావేజులు, వీలునామాలు చాలా మటుకు బూడిదయ్యాయి.

అక్కడ వంశ చరిత్ర వెతికేవారు ముందుగా తలుపు తట్టేది కౌంటీ కోర్టునే. భూమి అమ్మకం, ఆస్తి పంపకం, పెళ్లి అనుమతి అన్నీ క్లర్కు పుస్తకాల్లోకే ఎక్కేవి. ఆ పుస్తకాలు పోయిన చోట్లను 'కాలిపోయిన కౌంటీలు' అంటారు. వర్జీనియాలో ఇలాంటివి చాలానే ఉన్నాయి. అంతర్యుద్ధంలో భద్రంగా ఉంటాయని హానోవర్ కౌంటీ తన రికార్డులను రిచ్‌మండ్‌కు పంపింది. 1865 ఏప్రిల్‌లో నగరం అంటుకున్నప్పుడు వాటిలో అధిక భాగం అక్కడే కాలిపోయాయి.

మరి బకింగ్‌హామ్‌లో ముత్తాత పేరు ఎక్కడ దొరుకుతుంది? పన్నుల చిట్టాలో. 1782 నుంచి భూమి పన్ను, ఆస్తి పన్ను జాబితాల ప్రతి ఒకటి రాష్ట్ర ప్రభుత్వానికి చేరేది. అవి ఇప్పుడు రిచ్‌మండ్‌లోని లైబ్రరీ ఆఫ్ వర్జీనియాలో ఉన్నాయి. వాటిని ఏడాది వెంట ఏడాది చదవాలి. పేరు పక్కన 'ఎస్టేట్' అన్న మాట చేరిందంటే ఆ మనిషి కన్నుమూసినట్టే. ఒకరి పేరిట ఎకరాలు తగ్గి, అంతే భూమి అదే ఇంటిపేరున్న మరొకరి కింద కనిపిస్తే, కొడుక్కి పంచాడేమోనని ఆరా తీయొచ్చు. 1853 నుంచి 1896 వరకు నడిచిన జనన మరణాల రిజిస్టర్ల ప్రతులు కూడా రాష్ట్రానికి వెళ్లేవి.

ఇంకో చిక్కుంది. 1845లో బకింగ్‌హామ్‌లో కొంత భాగం కొత్తగా పుట్టిన అపొమాటక్స్ కౌంటీలో కలిసింది. ఇల్లు కదల్లేదు, కౌంటీ మారింది. ఆ కౌంటీ కోర్టు 1892లో కాలిపోయింది. అందుకే ఒక్క కౌంటీని నమ్ముకుంటే పని జరగదు.

నల్లజాతి కుటుంబాలకు ఈ దారి మరీ ఇరుకు. 1850, 1860 జనగణనల్లో బానిసల కోసం వేరే పట్టికలు పెట్టారు. యజమాని పేరు కింద వారి వయసు, ఆడో మగో, రంగు రాశారు. పేర్లు మాత్రం దాదాపు ఎక్కడా రాయలేదు. బానిసత్వం నుంచి బయటపడిన లక్షల మంది తొలిసారి పేరుతో నమోదైన జనగణన 1870 నాటిది. దాన్ని దాటి వెనక్కి వెళ్లాలంటే యజమానుల వీలునామాలు, ఆస్తి జాబితాలు వెతకాలి. బకింగ్‌హామ్‌లో మంటల పాలైనవి సరిగ్గా అవే.

ఈ కౌంటీలోని న్యూ కాంటన్‌లోనే, ఒకప్పుడు బానిసలుగా బతికిన దంపతులకు 1875లో కార్టర్ జి. వుడ్సన్ పుట్టారు. 1912లో హార్వర్డ్ డాక్టరేట్ అందుకున్నారు. 1926లో ఆయన మొదలుపెట్టిన నల్లజాతి చరిత్ర వారోత్సవమే తర్వాత చరిత్ర మాసంగా పెరిగింది. 1830 నాటి జనగణన పుటలు గాలించి, అప్పటికే స్వేచ్ఛగా ఉన్న నల్లజాతి కుటుంబ పెద్దల పేర్లతో 1925లో ఆయన ఒక పుస్తకమే తెచ్చారు. కోర్టు కాగితాలు కాలిన గడ్డ మీద పుట్టినాయన, సర్కారు లెక్కల్లోంచి మనుషుల్ని వెలికితీశారు.

1869లో కాలిన చోటే కొత్త కోర్టు భవనం లేచి 150 ఏళ్లు దాటింది. పూర్వీకుల కోసం ఆ గడప తొక్కేవారు గుర్తుంచుకోవలసింది ఒక్కటే: అసలు కాగితం కాలిపోయిందని తెలిస్తే వెనుదిరగకండి, నకలు ఎవరికి పంపారో అడగండి.