చేతియాటపెట్టె: వెలయు, విలువయు



వ్యాకరణము చెప్పి పింఛను పుచ్చుకొనుచున్న పంతులు పిల్లల ఆటవస్తువును గూర్చి ప్రసంగించుటేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కాని మీ యిండ్ల అటకల మీదను, ట్రంకుపెట్టెల యడుగునను ముప్పది యేండ్లనాటి యిట్టి వస్తువులుండవచ్చును. పాతసామాను కొనువాడు వచ్చి తూకమునకు కొనిపోకమునుపే నా మాటలు కొంచెము వినుడు.

1996వ సంవత్సరమున మా బావమరది కువైటునుండి వచ్చుచు, పదియేండ్ల మా అబ్బాయికి గేమ్ బాయ్ అను ఆటపెట్టెను, అందులో ఆడుటకు స్ట్రీట్ ఫైటర్ 2 అను ద్వంద్వయుద్ధపు ఆటను తెచ్చి యిచ్చెను. పిల్లవాడు పుస్తకము ముట్టుట మానివేసెను. అర్ధసంవత్సర పరీక్షలలో మార్కులు తగ్గగానే నేనా పెట్టెను లాగికొని, ట్రంకుపెట్టెలో పడవేసి తాళము వేసితిని. వాడు రెండు దినములు అన్నము సరిగా తినలేదు. నేను పట్టించుకొనలేదు. ఇరువదియైదేండ్లకు పైగా గడచినవి. మొన్నటి పండుగకు హైదరాబాదునుండి వచ్చినప్పుడు వాడు, "నాన్నగారూ, ఆ పెట్టె ఇంకను ఉన్నదా? మనవడికి చూపవలెనని ఉన్నది" అని యడిగెను. తాళము తీసి చూచితిమి. పెట్టె యున్నది, కాని మీట నొక్కిన పలుకదు.

ఇది యేమి వస్తువో ముందు చెప్పెదను. జపానుదేశమున క్యోటోనగరములో 1889లో పేకముక్కలు చేయుటకై స్థాపింపబడిన నింటెండో అను సంస్థ, సరిగా నూరేండ్లకు, 1989లో ఈ పెట్టెను వెలువరించెను. ఆ పని నడపినవారిలో ముఖ్యుడు గున్‌పే యోకోయ్ అను శిల్పి. కొత్తకొత్త పరికరములకై పరుగులెత్తక, అందరెరిగి చౌకయైన పరికరమునే కొత్త విధమున వాడవలెననుట ఆయన సిద్ధాంతము. అందుచేతనే దీని తెరకు రంగులు లేవు. నాలుగు ఛాయలు మాత్రమే. రంగుల తెరలు గల పోటీపెట్టెలు ఆరేసి సెల్లులను కొద్ది గంటలలోనే తినివేయుచుండగా, ఇది నాలుగు పెన్సిలు సెల్లులతో ఎన్నో గంటలు నడచెను. దీనిని, దీని తరువాతి రంగుల పెట్టెను కలిపి 11 కోట్లకు పైగా అమ్మిరి.

ఇక ఆట మాట. స్ట్రీట్ ఫైటర్ 2 క్యాప్‌కామ్ అను జపానుసంస్థ 1991లో చేసినది. అది మొదట మనిషి నిలుచుండి ఆడు పెద్దపెట్టెకై పుట్టినది. దానికి ఆరు మీటలు: పిడికిలిపోటునకు మూడు, కాలితన్నునకు మూడు. 1995లో దానిని చేతిపెట్టెలోనికి దింపినప్పుడు పోటునకొకటి, తన్నునకొకటి, రెండు మీటలే మిగిలినవి. పన్నెండుగురు యోధులలో ముగ్గురిని తీసివేసిరి. ఆ మువ్వురిలో చేతులు కాళ్లు సాగదీసి పోరాడు మన భారతదేశపు యోగి ఢాల్సిమ్ ఒకడు! మరి యింత కుదించిన ఆటను ఇప్పుడెవరు కోరుదురు? చిన్ననాట దానినే యెరిగినవారు కోరుదురు. వారిప్పుడు నలుబదియేండ్ల సంపాదనపరులు. పాతవస్తువునకు వెల పుట్టుట కిట్టి కోరికయే మూలము.

ఆ వెలను కట్టుటకు నాలుగు పరీక్షలు కలవు.

మొదటిది, అసలో నకిలీయో తెలియుట. ఆటను దాచియుంచు చిన్న ప్లాస్టికు బిళ్లను మన పిల్లలు క్యాసెట్టు అనెడివారు. పెట్టెను వెలిగింపగానే నింటెండో అను పేరు పైనుండి జారివచ్చును. క్యాసెట్టులోని యా పేరుబొమ్మను పెట్టె తనలోని ప్రతితో పోల్చుకొనును. సరిపడనిచో ఆట నడువదు. కావున నకిలీవాడును ఆ బొమ్మను తప్పక చేర్చును. తెరమీద పేరు కనబడుట అసలుతనమునకు సాక్ష్యము కాదని దీనివలన గ్రహింపుడు. క్యాసెట్టు నెత్తిమీది ఉబ్బెత్తు అక్షరములు, చీటీమీది అచ్చు స్పష్టత, సాధారణపు స్క్రూడ్రైవరునకు లొంగని ప్రత్యేకపు మర, లోపలి పలకమీది సంస్థపేరు, వీనినన్నిటిని కలిపి చూడవలెను. ఒక్క గురుతును నమ్మరాదు.

రెండవది సమగ్రత. తాళపత్రగ్రంథమున మొదటి యాకులు, చివరి గద్యయు పోయినచో పండితుడు ఎట్లు పెదవి విరచునో, అట్టపెట్టె, ఆడువిధము తెలుపు చిన్నపుస్తకము లేనిచో సేకర్త యట్లే పెదవి విరచును. విరివిగా అమ్ముడుపోయిన ఆటకు విడి క్యాసెట్టులు సులభముగా దొరకును. అట్టపెట్టెలను మాత్రము పిల్లలు చింపిరి, పెద్దలు పారవేసిరి. కావున కాగితమే అరుదైనది.

మూడవది స్థితి. ఆల్కలైన్ సెల్లులలో క్షారము కలదు. ఏండ్ల తరబడి లోపల విడిచినచో అది కారి, లోహపు స్ప్రింగులకు తెల్లని పొడిని, పచ్చని చిలుమును పట్టించును. ఎండ తగిలినచో చీటీ వెలసిపోవును. చినిగిన చీటీని జిగురుతో అంటించి బాగుచేసితిమనుకొనుట మరింత చెరుపు.

నాలుగవది అంగడి. సంతలో ఎద్దునకు చెప్పిన వెల వేరు, తువాలు క్రింద వ్రేళ్లు పట్టి కుదుర్చుకొన్న వెల వేరు. ఇంటర్నెట్టులోను అంతే. ఒకడు లక్ష యడిగినంతమాత్రమున అది లక్ష చేయదు. నిజముగా అమ్ముడుపోయినవానిని నాలుగింటిని చూచి, వాని స్థితితో మీ వస్తువు స్థితిని పోల్చి లెక్క వేసికొనవలెను.

ఈ పరీక్షలలో మా వస్తువు గతి వినుడు. క్యాసెట్టు అసలైనదే. చిన్నపుస్తకమును చిత్తుకాగితములతో నేనే అమ్మితిని. అట్టపెట్టెను కత్తిరించి, ఊడిన నా నిఘంటువునకు వెనుక అట్టగా అంటించితిని. సెల్లులు నాలుగును పెట్టెలోనే యున్నవి. నేను తాళము వేసిన దినమున తీయలేదు. పట్టణములో ఇట్టివి కొనువాడొకడు చూచి చెప్పిన వెల నా నెల పింఛనులో పదియవవంతు కూడ కాదు.

మా అబ్బాయి అమ్మలేదు. చేతులకు తొడుగులు వేసికొని, దూదిని వెనిగరులో ముంచి చిలుమును తుడిచెను. ఆ పులుపు క్షారమును విరుచును. పిమ్మట స్పిరిట్టుతో కడిగి ఆరబెట్టి కొత్త సెల్లులు వేసెను. పెట్టె పలికినది. తెరమీద రెండు నిలువుగీతలు మాత్రము రాలేదు. తండ్రియు కొడుకును వంతులు వేసికొని ఆడుచుండగా నేను చూచుచు కూర్చుంటిని. "నాయనా, ఆనాడు పెట్టె తీసికొనుట తప్పు కాదు గాని, పరీక్షలైన పిమ్మట తిరిగి యీయకపోవుట తప్పే" అంటిని. వాడు నవ్వి, "ఆ నిఘంటువు మాత్రము ఎవ్వరికిని ఈయవద్దు, నాన్నగారూ" అనెను.

కావున పెద్దలారా, మీ యింట నిట్టి వస్తువున్నచో నేడే సెల్లులు తీసివేయుడు. కాగితపుముక్కనైనను పారవేయకుడు. అమ్మదలచిన నాలుగు పరీక్షలు చేసి అమ్ముడు. కాని అన్నిటికంటె ముందు, దానితో ఆడిన బిడ్డను ఒక్కమాట అడుగుడు. అంగడివాడు వెల చెప్పగలడు. విలువ చెప్పవలసినవాడు ఆ బిడ్డయే.

సెలవు.