చేతి గడియారం గుండెను చూడగలదా?

నాడి కొలిచే గడియారాలు ఇప్పుడు రకరకాలు దొరుకుతున్నాయి. ఏది కొనాలి?

అడుగుల లెక్కకూ, నాడికీ చవక బాండు చాలు. అది చర్మంపై పచ్చని కాంతి పడవేసి, రక్తప్రవాహంలో హెచ్చుతగ్గులను బట్టి నాడిని లెక్కిస్తుంది. పట్టీ వదులైతే లెక్క తప్పుతుంది. ఎంతసేపు నిద్రపోయారో సుమారుగా చెబుతుంది. గాఢనిద్ర లెక్క మాత్రం అంచనాయే. అది చూసి బెంగ పెట్టుకుంటే ఉన్న నిద్ర కూడా పోతుంది!

యాపిల్ సంస్థ 2018లో తెచ్చిన సిరీస్ 4 వంటి ఖరీదైనవి ఇ.సి.జి. కూడా తీస్తాయి. గుండె లయ తప్పితే పసికట్టగలవు. కాని ఆసుపత్రి ఇ.సి.జి. గుండెను 12 కోణాల నుంచి చూస్తే, ఇవి ఒక్క కోణం నుంచే చూస్తాయి. గుండెపోటును పట్టుకోలేవు.

కనుక గుండెల్లో నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే గడియారంలో అంకెలు బాగున్నాయని ఊరుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.