చెక్క భజన రికార్డింగ్: ఫోన్, క్యాసెట్, 32-బిట్ ఫ్లోట్.. అర్ధవీడులో ఏది నెగ్గింది?

ఫోన్ కెమెరా గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం. మైక్ ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగరు. మైక్‌కి అసలైన పరీక్ష పెట్టాలంటే చెక్క భజనకి తీసుకెళ్లండి. కంభం దగ్గరున్న అర్ధవీడులో నేను అదే చేశాను.

చెక్క భజనలో ఆటగాళ్లు గుండ్రంగా తిరుగుతూ చేతిలో చెక్కలు మోగిస్తారు. మధ్యలో గురువుగారు తాళాలు వేస్తూ పాట ఎత్తుకుంటే, మిగతావాళ్లు అందుకుంటారు. గొంతేమో మెత్తగా, చెక్క దెబ్బేమో టప్పున పెద్దగా! రికార్డింగ్‌కి కష్టం ఇక్కడే.

ఫోన్: చెక్క పడగానే ఆటో గెయిన్ మొత్తం సౌండ్‌ని తగ్గించేస్తుంది. దాంతో గురువుగారి గొంతు కూడా మునిగిపోతుంది. తాళం మోత చివర్ని నాయిస్ సప్రెషన్ గోల అనుకుని కోసేస్తుంది. ఇదంతా మాటల కోసం చేసిన ట్యూనింగ్. ఆండ్రాయిడ్ 7.0 నుంచి ‘అన్‌ప్రాసెస్డ్’ ఆడియో సోర్స్ ఉంది. మీ ఫోన్, యాప్ సపోర్ట్ చేస్తే అదే వాడండి.

క్యాసెట్: 1963లో ఫిలిప్స్ తెచ్చిన ఫార్మాట్. లెవెల్ కాస్త దాటినా సౌండ్ ఒక్కసారిగా పగలదు, మెల్లగా సాచురేట్ అవుతుంది. అందుకే చెక్క దెబ్బ గుండ్రంగా, హాయిగా వినిపించింది. కానీ గురువుగారు ఒక్కరే పాడేటప్పుడు వెనకాల ‘స్స్’మనే హిస్. పైగా సి-60లో ఒక వైపు 30 నిమిషాలే. చరణం మధ్యలో టేప్ తిప్పాలంటే ప్రాణం ఉసూరుమంటుంది.

32-బిట్ ఫ్లోట్: జూమ్ ఎఫ్3, హెచ్1ఎసెన్షియల్ లాంటి రికార్డర్లలో గెయిన్ సెట్ చేసే పనే లేదు. ఎక్కువైన లెవెల్‌ని తర్వాత ఎడిటింగ్‌లో దించుకోవచ్చు. అయితే మైక్ తట్టుకోలేనంత సౌండ్ వస్తే ఫ్లోట్ కూడా కాపాడదు. స్టీరియో, 48 కిలోహెర్ట్జ్‌లో గంటకి దాదాపు 1.4 జీబీ. 32 జీబీ కార్డ్ ఉంటే తెల్లవార్లూ పాడినా సరిపోతుంది.

నా ఓటు ఫ్లోట్‌కే. కానీ గ్యాడ్జెట్ కంటే మైక్ పెట్టే చోటు ముఖ్యం. వలయం మధ్యలో, గురువుగారికి దగ్గరగా, లౌడ్‌స్పీకర్‌కి దూరంగా స్టాండ్ మీద పెట్టండి. ఆరుబయట గాలి హోరు పడకుండా విండ్‌స్క్రీన్ తప్పనిసరి.

ఇంత తంటా ఎందుకంటారా? ఈ పాటల్లో చాలావరకు పుస్తకాల్లో దొరకవు. గురువుల నోట్లోనే ఉన్నాయి. నేర్చుకోవాల్సిన కుర్రాళ్లేమో పనుల కోసం హైదరాబాద్, బెంగళూరు వెళ్లిపోతున్నారు. ఇళ్లలో మిగిలిన పాత క్యాసెట్లు ఏడాదికేడాది పాడవుతున్నాయి. కొత్త రికార్డర్ కొనేదాకా ఆగక్కర్లేదు. ఈసారి ఊరెళ్లినప్పుడు మీ ఫోన్‌తోనే మొదలుపెట్టండి. ఫైల్‌ని రెండు చోట్ల దాచండి, బృందానికీ ఒక కాపీ ఇవ్వండి. అప్‌లోడ్ చేసే ముందు మాత్రం వాళ్లని ఓ మాట అడగండి.