డాట్‌నెట్ వేరు, విజువల్ స్టూడియో వేరు

2002 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ రెండింటిని ఒకేసారి విడుదల చేసింది. ఒకటి డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్, రెండోది విజువల్ స్టూడియో కొత్త రూపం. ఆ రెండోదానికి కూడా ‘విజువల్ స్టూడియో డాట్‌నెట్’ అనే పేరు పెట్టారు. గందరగోళం అక్కడే మొదలైంది. అమీర్‌పేటలో డాట్‌నెట్ బోర్డు చూసి కోర్సులో చేరినవాళ్లు డాట్‌నెట్ అనగానే విజువల్ స్టూడియోని చూపిస్తే తప్పు వాళ్లది కాదు, పేరు పెట్టినవాళ్లది.

విజువల్ స్టూడియో 1997 నుంచే ఉంది. కోడ్ రాసుకోడానికి ఎడిటర్, తప్పు దొరికేదాకా ఒక్కో లైనూ ఆపి చూపించే డీబగ్గర్, బటన్లు లాగి అమర్చుకునే డిజైనర్ అందులో ఉంటాయి. ప్రోగ్రాం పూర్తయి జనం చేతికి వెళ్లాక దానితో పనిలేదు. ఫ్రేమ్‌వర్క్ పని అప్పుడు మొదలవుతుంది.

ఆండర్స్ హెయిల్స్‌బర్గ్ బృందం రూపొందించిన సి షార్ప్ భాషలో రాసిన కోడ్‌ని కంపైలర్ నేరుగా ప్రాసెసర్ భాషలోకి మార్చదు. ఇంటర్మీడియట్ లాంగ్వేజ్ అనే నడిమి రూపం దాకా తెచ్చి వదిలేస్తుంది. ప్రోగ్రాం ఫైల్లో ఉండేది అదే. మన కంప్యూటర్లోని ఫ్రేమ్‌వర్క్ దాన్ని అందుకుని, ఏ ముక్క అవసరమైతే ఆ ముక్కని అప్పటికప్పుడు ప్రాసెసర్ ఆదేశాలుగా మారుస్తుంది. వాడకం అయిపోయిన మెమరీని ఖాళీ చేసేదీ అదే. ఫైళ్లు తెరవడం, తేదీలు లెక్కకట్టడం లాంటి పనులకు సిద్ధంగా ఉన్న కోడ్ కూడా అందులోనే ఉంటుంది. అందుకే ప్రోగ్రాం కొన్ని కిలోబైట్లలో సరిపోయేది. ఫ్రేమ్‌వర్క్ లేకపోతే మాత్రం ఆ కిలోబైట్లు ఎందుకూ కొరగావు.

తొలినాళ్లలో ఇదే చిక్కు తెచ్చింది. మామూలు విండోస్ ఎక్స్‌పీతో ఫ్రేమ్‌వర్క్ రాలేదు. చిటికెడంత ప్రోగ్రాం నడవాలంటే ముందు 20 ఎంబీ దాటిన ఫ్రేమ్‌వర్క్ దించుకోవాలి. 56 కేబీపీఎస్ మోడెం పూర్తి వేగంతో లాగినా దానికి గంట దగ్గరపడుతుంది. 2007లో ఇళ్లకు చేరిన విస్టా దాన్ని తనలోనే పెట్టుకుని వచ్చాకే ఈ బెడద తగ్గింది.

ఇంతకీ విజువల్ స్టూడియోకీ ఫ్రేమ్‌వర్క్‌కీ మధ్య గీత మైక్రోసాఫ్ట్ కూడా సరిగ్గా గీయలేదు. సి షార్ప్ కంపైలర్ అసలు తయారీ పనిముట్టు. అయినా అది ఫ్రేమ్‌వర్క్‌తోపాటే ప్రతి కంప్యూటర్లోకీ చేరింది. ఏఎస్‌పీ డాట్‌నెట్ వెబ్ పేజీలను సర్వరు అక్కడికక్కడే కంపైల్ చేసుకోవాలి కాబట్టి అలా పెట్టారు. దాని పుణ్యమా అని విజువల్ స్టూడియో కొనే స్తోమత లేనివాళ్లు నోట్‌ప్యాడ్‌లో కోడ్ రాసుకుని, కమాండ్ ప్రాంప్ట్‌లో కంపైల్ చేసుకునే వీలు దొరికింది. డాట్‌నెట్‌కి విజువల్ స్టూడియో తప్పనిసరి కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టిన 2014లోనే ‘డాట్‌నెట్ కోర్’ అనే కొత్త రూపం కోడ్‌ని అందరికీ తెరిచారు. 2016లో వచ్చిన ఆ కొత్త డాట్‌నెట్ లినక్స్ మీద, మ్యాక్ మీద కూడా నడిచింది. గీత కూడా అప్పుడే తేటపడింది. నడపడానికి రన్‌టైమ్, తయారీకి ఎస్‌డీకే అని విడివిడిగా ఇచ్చారు. కంపైలర్ ఎస్‌డీకేలోకి వెళ్లిపోయింది. 2020లో ‘కోర్’ అన్న మాట తీసేసి డాట్‌నెట్ 5 అన్నారు. పాత ఫ్రేమ్‌వర్క్ 4.8 వరస దగ్గర ఆగి, విండోస్‌లో ఇంకా పనిచేస్తూనే ఉంది.

కాబట్టి ఏదైనా ప్రోగ్రాం తెరవబోతే ‘డాట్‌నెట్ డెస్క్‌టాప్ రన్‌టైమ్ కావాలి’ అని అడిగితే విజువల్ స్టూడియో జోలికి వెళ్లకండి, ఎస్‌డీకే కూడా అక్కర్లేదు. అది అడిగిన వెర్షన్ రన్‌టైమ్‌ని మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించుకోండి.